వదులు ముడి

దువ్వెన పళ్ళకు చుట్టుకున్న వెంట్రుకలను ఆమె ఒక్కొక్కటిగా విడదీసి, కిటికీ తెర పక్కనుంచి దూరిన సన్నటి వెలుతురులో పట్టి చూసింది. తెల్లవాటిని ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది. నల్లవాటిని రెండు చేతుల వేళ్ళతో సాగదీసి, తెగకుండా నిలిచినవాటిని పాత పౌడరు డబ్బాలో దాచింది. తెల్లవెంట్రుక పెళుసు, ముడి బిగించే సమయానికి పుటుక్కుమంటుంది. ఒకప్పుడు ఈ ఏరుకోవడాలు లేవు. జడ విప్పితే మోకాళ్ళ దాకా వచ్చేది. ఎన్ని చిమ్మటల మెడలకు కట్టినా ఇంకా బారెడు మిగిలేది.

బయట తాళం తిరిగింది. భర్త లోపలికి వచ్చి, టార్చిలైటు మేకుకు తగిలించి, మంచం అంచున కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. ఊరి చివర గిడ్డంగికి రాత్రి కాపలా ఆయనది. ఆమె లేచిన పక్కమీద ఆయన పడుకుంటాడు, ఆయన లేచి వెళ్ళిన పక్కమీద ఆమె పడుకుంటుంది. ఆ ఇంట్లో పరుపు చల్లారిన రోజు లేదు. ఆయన పగటి నిద్రకోసం కిటికీకి మందపాటి తెర వేసి ఏళ్ళయింది, దాన్ని పూర్తిగా పక్కకు జరిపిన రోజు ఇద్దరికీ గుర్తు లేదు.

"ఒకరేమో రాత్రిని పగలు చేసుకుంటారు, ఒకరేమో పగటిని రాత్రి చేసుకుంటారు, ఇంక మీకు పిల్లలెప్పుడు పుడతారే" అని పక్కింటి పిన్ని నవ్వుతూ ఉండేది. ఆ పిన్నీ పోయింది, ఆ మాట అనిపించుకునే వయసూ పోయింది. ఈ మధ్య నెలసరి కూడా తన ఇష్టం వచ్చినప్పుడు వస్తోంది. ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగ లేచి, మెడ చుట్టూ చెమట పట్టి, మళ్ళీ అంతలోనే చల్లబడుతుంది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

"ఇవాళేగా చూసేది?" అన్నాడు ఆయన.

"ఇవాళే."

"ఆ పిల్ల గట్టిగా కట్టిందంటావా?"

"కట్టకేం. పక్కన కూర్చుని నేనే కదా నేర్పింది."

"అయితే సోమవారం నుంచి మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేస్తావు." ఆయన ఆ మాటను తనలో తాను ఇంకోసారి చెప్పుకున్నట్టు తల ఊపాడు. "నేను లేచేసరికి ఇంట్లో మనిషి ఉంటుంది. ఇద్దరం కూర్చుని తినొచ్చు. ఆ తెర కూడా తీసేద్దాం."

"తీస్తే మీకు నిద్రెలా పడుతుంది?"

"పట్టకపోతే నీ మొహం చూస్తా పడుకుంటా. ఎలా ఉందో మర్చిపోయా."

సిగ్గుపడే వయసు కాదు కాబట్టి ఆమె విసుక్కుంది. విసుక్కుంటూనే చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగింది. ఎడమ మోకాలు ప్రతి మెట్టుకూ ఒక మాట అంటోంది. ఆసుపత్రిలో చూపిస్తే ఎముకల్లో బలం లేదు, రోజూ కాసేపు ఎండలో కూర్చోమన్నారు. మందు ఊరికే వచ్చేదే, పుచ్చుకునే తీరిక లేదు. నడిచే దారిలో ఎదురయ్యే ఆ కాసింత ఎండనే ఆమె మొహం ఎత్తి తాగుతూ వెళుతుంది.

ఆమె పనిచేసేది పురుగుల మీద పరిశోధన చేసే సంస్థలో, మూడో అంతస్తు వరండా చివరి గదిలో. ఆ గదికి కిటికీ లేదు. అందులో పెంచేవి గోధుమరంగు చిమ్మటలు. వాటి పిల్లలే, అంటే ఆ గొంగళిపురుగులే, పొలాల్లో పైరును నమిలి పిప్పి చేస్తాయి. చిమ్మట మేలుకునేదీ, జతకట్టేదీ, గుడ్లు పెట్టేదీ రాత్రే. వాటికోసం మనుషులు రాత్రిళ్ళు కూర్చోలేక, వాటి రాత్రినే పగటిలోకి జరిపారు. పొద్దున ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. అది వాటికి పగలు. మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకు లైట్లు వాటంతటవే మెల్లగా ఆరిపోతాయి, బయట తలుపు పైన ఎర్రబల్బు వెలుగుతుంది. ఇక సాయంత్రం ఆ బల్బు ఆరేదాకా తలుపు తెరవకూడదు. ఒక్క వెలుతురు చార పడిందంటే ఆడ చిమ్మటలు గుడ్లు పెట్టడం మానేస్తాయి, అప్పటిదాకా పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరు. తలుపుకు లోపల గొళ్ళెం లేదు, బయటా లేదు. ఆ బల్బే గొళ్ళెం. ఒకసారి సంస్థ పెద్దాయనే ఎవరినో వెంటబెట్టుకొచ్చి తలుపు తోయబోతే, లోపలినుంచి "ఎవరది, నెత్తిమీద బల్బు కనపడట్లా?" అని ఆమె కసిరింది. ఆయన నాలుక్కరుచుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి అటెండరు ఆమెను రాత్రక్క అనడం మొదలుపెట్టాడు. ఇప్పుడు అందరూ అదే అంటారు.

ఆ మధ్యాహ్నపు రాత్రంతా రాత్రక్క లోపలే ఉంటుంది. మసకగా వెలిగే ఒక ఎర్రదీపం కింద తిరుగుతూ, పంచదార నీళ్ళలో ముంచిన దూది మార్చడం, జతకట్టినవాటిని వేరే బోనులోకి చేర్చడం, గుడ్లు పెట్టిన కాగితాలు తీయడం. అసలు పని మాత్రం పొద్దుటిది. అప్పుడే కోశం చీల్చుకుని బయటికొచ్చిన ఆడ చిమ్మటను రెండు వేళ్ళతో పట్టుకుని, తలకూ మొండేనికీ మధ్య వెంట్రుకతో ముడి వేయాలి.

చిమ్మట మెదడు వెనక, మెడ దగ్గర, కంటికి ఆననంత చిన్న గ్రంథులు రెండుంటాయి. అవి ఊరించే రసం ఒకటి ఒంట్లోకి దిగి కడుపును చేరుతుంది. అది చేరితేనే అండాలు పచ్చసొన నింపుకుని గుడ్లవుతాయి. చేరకపోతే సన్నటి దారాల్లా అలాగే ఉండిపోతాయి. కట్టిన ముడి గట్టిదైతే రసం కిందికి దిగదు, చిమ్మట చావదు కూడా. తిండి లేకుండా, గుడ్లు లేకుండా, కొన్నాళ్ళు జాలీ పట్టుకుని బతుకుతుంది. అలాంటి చిమ్మటల కడుపు మీద ఈ పరిశోధన నడిపే డాక్టరమ్మ రకరకాల సీసాల్లోని చుక్కలు వేసి, ఏ చుక్కతో గుడ్లు నిండుతాయో, ఏ చుక్క వాటిని ఆపేస్తుందో చూస్తుంది. ఆపే చుక్క దొరికిన రోజున పైరు మీద విషం చల్లే పనుండదంటుంది. ఇదంతా ముడి మీద ఆధారపడి ఉంది. దారం మందం, నైలాను జారుతుంది, వెంట్రుకొక్కటే పట్టు నిలుపుతుంది. కాస్త ఎక్కువ బిగిస్తే మెడ తెగుతుంది, కాస్త వదిలితే రసం దిగుతుంది. ఆ కాస్త ఎంతో రాత్రక్క వేళ్ళకు తెలుసు. "మీ చెయ్యి బంగారం" అంటుంది డాక్టరమ్మ. ఆ పొగడ్తే ఆమె కాళ్ళకు సంకెల. బంగారాన్ని ఎవరు వదులుకుంటారు?

కింద పెరట్లో గాజుగది ఉంది. గొంగళిపురుగులకు మేత మొక్కలు పెంచేది అందులో. తెల్లవారకముందే వెళితే మధ్యాహ్నానికి పని అయిపోతుంది. నాలుగు వైపులా ఎండే. అక్కడి తోటమాలి మూణ్ణెల్ల కిందట పని మానుకున్నాడు. రాత్రక్కకు ముందు చీకటిగదిలో ఉన్నది ఆయనే. ఆమెకు ముడి నేర్పి, తాను గాజుగదికి దిగిపోయాడు. "మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది" అని ఆరోజు ఆయన చెప్పిన మాట ఆమె మర్చిపోలేదు. ఇప్పుడు ఆ చోటు తనకివ్వమని ఆమె డాక్టరమ్మను అడిగింది. ఇన్నేళ్ళలో ఆమె అడిగింది ఆ ఒక్కటే. "మీలాగా కట్టే మనిషిని తయారు చెయ్యండి, ఆ మర్నాడే వెళ్ళండి" అంది డాక్టరమ్మ. అలా వచ్చింది కొత్తమ్మాయి. ఈ వారం మొదట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒకే రోజు కోశం విడిచిన చిమ్మటలకు చెరో బోనెడు కట్టారు. రాత్రక్క బోనుకు తెల్ల చీటీ, అమ్మాయి బోనుకు పసుపు చీటీ. ఇవాళ డాక్టరమ్మ వాటి కడుపులు కోసి చూస్తుంది. పసుపు చీటీ బోనులో గుడ్లు నిండకపోతే రాత్రక్కకు విడుదల.

ఆమె గదికి వచ్చేసరికి ఇంకా ఎవరూ రాలేదు. బయటి చెప్పులు విప్పి లోపలి చెప్పులు వేసుకుని, నల్లతెర తప్పించుకుని లోపలికి వెళ్ళింది. గదినిండా తడి దూది వాసన, రెక్కల పొడి వాసన. ఆ పొడి పడక మొదట్లో ఊరికే తుమ్ములొచ్చేవి. ఇప్పుడు సెలవు రోజున అది లేకపోతేనే ముక్కుకు ఏదో వెలితిగా ఉంటుంది.

పసుపు చీటీ బోనులో చెయ్యి పెట్టి ఒక చిమ్మటను తీసి, బొటనవేలితో కడుపు నిమిరింది. వేలు ఆగిపోయింది. కడుపు బిగువుగా ఉంది. లోపల గింజలు గింజలుగా తగులుతోంది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. ఒకటి పొరపాటున వదులైతే సరే అనుకోవచ్చు. అన్నీ నిండు చూలాళ్ళలా ఉన్నాయి.

ఆమె స్టూలు మీద కూలబడింది. చేతకాని పిల్లను తెచ్చి నెత్తిన పెట్టారని ముందు కోపం వచ్చింది. భూతద్దం పెట్టి ఒకదాని ముడి చూసింది. కోపం కాస్తా ఇంకేదోగా మారింది. ముడి ముచ్చటగా ఉంది. రెండు చుట్లూ ఒకదానిపక్కన ఒకటి ఒద్దికగా ఉన్నాయి, కొసలు సమంగా కత్తిరించి ఉన్నాయి. చేతకాని చెయ్యి అలా కట్టదు. చేతకాని చెయ్యి ఒకచోట బిగిస్తుంది, ఒకచోట వదిలేస్తుంది, రెండు మెడలైనా తెంపుతుంది. ఈ బోనులో ఒక్క మెడా తెగలేదు. ప్రతి ముడిలోనూ సరిగ్గా ఒకే ఖాళీ ఉంది. రసం దిగేంత, చూసేవాళ్ళకు తెలియనంత.

అమ్మాయి కావాలనే వదులుగా కట్టింది.

రాత్రక్కకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో తానొక్క ముడి వదులు చేసి ఉంటే చాలు, చెయ్యి పనికిరాదని తననూ ఎప్పుడో వెలుతురులోకి తోసేసేవాళ్ళు. ఆ ఆలోచన ఒక్కనాడూ రాలేదు. వచ్చి మూణ్ణెల్లు కాని పిల్లకు వచ్చింది. తెలివి లేదని తనను తాను తిట్టుకుంది. చేసిన పని బాగా చేయడం తప్ప ఇంకో మార్గం తెలియకుండా బతికినందుకు ఏడుపొచ్చినంత పనయింది.

వరండాలో అటెండరు తాళాలు తీస్తున్న చప్పుడు వినపడింది. సోమవారం, తెర తీసిన కిటికీ, అన్నం ముందు కూర్చున్న మనిషి, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళముందు తిరిగాయి. ఆమె లేచింది. పసుపు చీటీ దారం విప్పి తన బోనుకు కట్టింది. తెల్ల చీటీని అమ్మాయి బోనుకు కట్టింది. ముడులు వేయడం ఆ చేతులకు అలవాటే.

డాక్టరమ్మ పక్కగదిలో బల్ల ముందు కూర్చుని, గాజుపళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి, ఒక్కో చిమ్మట కడుపు కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. మంచి మనిషే. పని తప్ప వేరే ధ్యాస లేనిది. రాత్రక్క ఒకపక్క, కొత్తమ్మాయి ఒకపక్క నిలబడ్డారు. అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష తప్పడం ఖాయమైన పిల్లలా నిశ్చింతగా ఉంది.

"పసుపు చీటీ నీదే కదమ్మా?" డాక్టరమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"అవును మేడమ్."

"ఒక్క గుడ్డు కూడా నిండలేదు. అన్నీ దారాల్లాగే ఉన్నాయి. మొదటిసారికే ఇలా కట్టినవాళ్ళను నేను చూడలేదు."

అమ్మాయి మొహంలో రంగు పోయింది. పళ్ళెం వైపు చూసింది, బోను వైపు చూసింది, తర్వాత రాత్రక్క వైపు చూసింది. రాత్రక్క తేలు కుట్టిన దొంగలా నేలచూపు చూస్తోంది.

డాక్టరమ్మ తెల్ల చీటీ బోను దగ్గరికి జరుపుకుంది. మొదటిది కోసి చూసింది. రెండోది కోసి చూసింది. ఆవగింజల్లాంటి గుడ్లు వరసలు వరసలుగా ఉప్పునీళ్ళలో తేలాయి.

"రాత్రక్కా, ఇవి మీరు కట్టినవేనా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. చీటీలు మార్చినప్పుడు అమ్మాయి చీటీ గురించే ఆలోచించింది గానీ తన చీటీ ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు.

"నావే మేడమ్."

"అన్నీ నిండిపోయాయి." డాక్టరమ్మ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది. "ఎప్పటినుంచి ఇలా ఉందో ఏమో. పోయిన నెల లెక్కలు కూడా ఒకసారి చూసుకోవాలి. మిమ్మల్ననట్లేదు అక్కా. వయసు మీద పడుతుంది, చూపు తగ్గుతుంది. మీరు అడిగినప్పుడే పంపించాల్సింది, నేనే ఆలస్యం చేశాను. సోమవారం నుంచి గాజుగదికి వెళ్ళండి. ఇక్కడ ఈ అమ్మాయి చూసుకుంటుంది."

కోరుకున్న మాట అదే. అది చెవిన పడ్డాక ఎగిరి గంతేయాలనిపిస్తుందని ఎన్నిసార్లు ఊహించుకుందో. ఇప్పుడేమో చెంప ఛెళ్ళుమన్నట్టుంది. ఆమెకంటూ ఉన్నదల్లా ఆ చెయ్యి ఒక్కటే. దాన్ని తానే స్వయంగా మసిగుడ్డలా తీసి అవతల పడేసింది. "అలాగే మేడమ్" అంది.

భోజనాలకు ఎప్పటిలాగే వరండా చివర మెట్ల మీద కూర్చున్నారు. అక్కడ గోడకు ఒక చిన్న వెంటిలేటరు ఉంది, అరచేతి వెడల్పు ఎండ మెట్టు మీద పడుతుంది. ఆ చోటు రోజూ అమ్మాయి రాత్రక్కకు వదిలేది. ఇవాళ కూడా పక్కకు జరిగింది.

"చీటీలు మార్చారు కదా అక్కా."

"ముడి వదులుగా వేసిందెవరు? అది చెప్పు ముందు."

"నేనే." అమ్మాయి తడుముకోలేదు.

"పని కావాలని కాళ్ళావేళ్ళా పడింది కూడా నువ్వేగా."

"పని కావాలక్కా. చీకట్లో కూర్చోవాలని చెప్పారు గానీ అదెలా ఉంటుందో నాకు తెలీదు. మానేస్తానంటే ఇంట్లో మా అమ్మ బతకనివ్వదు. చేతకాలేదని వాళ్ళే అంటే సీసాలు కడిగే గదికి మారుస్తారనుకున్నా. ఆ గదికి కిటికీ ఉంది."

"చీకటంటే అంత భయమా నీకు?"

అమ్మాయి స్పూనుతో డబ్బాలో అటూ ఇటూ కెలికింది. "చీకటంటే కాదక్కా. అనుకోకండి. లోపల మీరు మాట్లాడుకుంటారు. ఇది తిన్నావా, అటు జరుగు, వాడొచ్చాడా అని. మొదట్లో నాతో అనుకుని పలికేదాన్ని. మీరు వినిపించుకునేవాళ్ళు కాదు. చిమ్మటలతో అని తర్వాత అర్థమైంది. అది విన్నప్పటినుంచీ రాత్రి పడుకుంటే, నేనే అలా మాట్లాడుతున్నట్టు కలొస్తోంది."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. రాత్రక్కకు ఒళ్ళు మండింది. "నాకేమైందే? ఇన్నేళ్ళు ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతికాను. నన్ను చూసి భయపడేంత ఏం చేశాను?"

"మీరేం చెయ్యలేదక్కా. అదే."

మెట్టు మీది ఎండ కొద్దిగా పక్కకు జరిగింది. ఒంట్లోంచి సెగ లేవడంతో రాత్రక్క పమిటతో మెడ తుడుచుకుంది.

"మీరు మేడమ్‌కి చెప్తే మీరు కిందికి పోలేరు," అంది అమ్మాయి. "నేను చెప్తే నన్ను తీసేస్తారు. అంతేగా?"

"అంతే."

"ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది," అంది రాత్రక్క. "తర్వాత అలవాటైపోతుంది." ఆ మాట అంటుండగానే అది ఎవరి మాటో ఆమెకు గుర్తొచ్చింది. కానీ అప్పటికే నోరు దాటిపోయింది.

అమ్మాయి సగం తిన్న డబ్బాకు మూత పెట్టింది. లోపలికి వెళ్ళి, నల్లతెర ముందున్న అరలో దాన్ని పెట్టి, చేతులు కడుక్కొస్తానని కుళాయి వైపు వెళ్ళింది. రాత్రక్క కూడా లేచి గదిలోకి నడిచింది. లైట్లు ఆరే వేళయింది.

ట్యూబులైట్లు ఒకటి తర్వాత ఒకటి తగ్గుతూ వచ్చి, గది సాయంత్రమై, మసకై, చీకటైంది. ఎర్రదీపం ఒక్కటే మిగిలింది. బోనుల్లో కదలిక మొదలైంది. ముందు ఒకటి రెక్కలు వణికించింది, తర్వాత గదంతా సన్నటి గలగల. మగవి ఆడవాటి చుట్టూ తిరుగుతున్నాయి. దూది మీద వాలినవి చుట్టిన తొండాలు విప్పి పంచదార నీళ్ళు తాగుతున్నాయి. రాత్రక్క బోను బోనుకూ తిరుగుతూ కాగితాలు సర్దింది. "ఇటు రా" అని ఒక చిమ్మటతో అంది. తన గొంతు తనకే వినపడి నోరు మూసుకుంది.

అమ్మాయి రాలేదు. ఆలస్యమైంది కాబట్టి బయటే ఆగిపోయి ఉంటుంది, ఎక్కడో కూర్చుని ఏడ్చుకుంటుంది, సాయంత్రానికి సర్దుకుంటుంది అనుకుంది. సోమవారం నుంచి ఆ పిల్ల ఈ స్టూలు మీద ఒక్కతే కూర్చుంటుంది. ఆ బొమ్మను మనసులోంచి తోసేయాలని తెర తీసిన కిటికీని తలుచుకుంది. కిటికీ వచ్చింది గానీ, దాని ముందు కూర్చున్న మనిషికి మొహం రాలేదు.

మధ్యలో ఎప్పుడో వరండాలో అడుగుల చప్పుడు వినపడింది. రబ్బరు చెప్పులు, తేలికైన నడక. తలుపు ముందు ఆగింది. రాత్రక్క చేతిలోని దూది పక్కన పెట్టింది. తెర పక్కకు తీసి, తలుపు లోపలి వైపు నిలబడింది. అవతల మనిషి ఊపిరి వినపడుతున్నట్టే ఉంది. ఒక్క తోపు తోస్తే చాలు. తోయకపోయినా ఒక్క కేక వేస్తే చాలు, పెద్దాయనకు వినపడిన గొంతు ఈ పిల్లకు వినపడదా? ఉండమ్మా, సాయంత్రం మేడమ్‌తో నిజం చెబుతాను, నీది తప్పు కాదు, నేను ఇక్కడే ఉంటాను అని చెప్పొచ్చు. ఆ మాటలన్నీ నాలుక మీదికొచ్చాయి. వాటిలో చివరి మాట దగ్గర ఆమె ఆగిపోయింది. నేను ఇక్కడే ఉంటాను అన్నమాట నోటినుంచి రానంది. పైగా తలుపు తీస్తే వెలుతురు పడుతుంది, గుడ్లు పెడుతున్నవి ఆగిపోతాయి అని కూడా అనుకుంది. అలా అనుకోవడం తేలిక. తలుపు మీద ఆనించిన అరచేతిని ఆమె మెల్లగా వెనక్కి తీసుకుంది.

అవతలి అడుగులు వరండా వెంట వెళ్ళిపోయాయి. మెట్ల దగ్గర కాస్త ఆగి, దిగిపోయాయి.

ఆమె స్టూలు మీద చాలాసేపు కూర్చుంది. ముడి పడిన చిమ్మటలు కొన్ని ఎదుటి బోనులో జాలీని పట్టుకుని ఉన్నాయి. అవి దూది వైపు రావు, మగవాటి వైపు తిరగవు. ఏదో పొద్దున తానే కట్టినవి. ఇన్నాళ్ళూ వాటి కడుపులే చూసింది. ఇవాళ మొదటిసారి వాటి మొహాలు చూసి, చూడలేక అటు తిరిగి కూర్చుంది.

సాయంత్రం బల్బు ఆరాక బయటికొచ్చేసరికి, అటెండరు తన కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"నీ శిష్యురాలు వెళ్ళిపోయింది రాత్రక్కా," అన్నాడు. "రేపట్నుంచి రానని మేడమ్‌కి మొహమ్మీదే చెప్పేసింది. ఎందుకమ్మా అంటే చెప్పదు. చక్కగా కట్టావంట కదా అని ఆవిడ బతిమాలినంత పని చేసింది. ఊహూ, వింటేనా."

"ఏమైనా అందా? నా గురించి?"

"నీ గురించేమంటుంది? ఏమీ అనలేదు. డబ్బా లోపలుంది బాబాయ్ అంది. పోయి తెచ్చుకోరాదూ అన్నా. తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. ఎర్రబల్బు వెలుగుతోంది కదా బాబాయ్ అంది." అటెండరు నవ్వాడు. "పని మానేసి పోతున్నదానికి బల్బుతో ఏం పనో."

రాత్రక్క గోడకు చెయ్యి ఆనించింది. ఆ పిల్ల కేక వేయడానికి రాలేదు, తిట్టడానికీ రాలేదు. డబ్బాకోసం వచ్చింది. బల్బు చూసి, లోపలున్న తన మాట జవదాటకుండా వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ సంచీ భుజానికి తగిలించుకుని అటే వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. "విన్నారుగా అక్కా. ఈ రోజుల్లో పిల్లలు ఇంతే. బంగారంలాంటి చెయ్యి." సంచీ రెండో భుజానికి మార్చుకుంది. "సోమవారం సంగతి కొంచెం ఆపుదాం. గాజుగదికి వేరే ఎవరినైనా చూస్తాను. ఇక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదా. మీ ముడులు మునుపటిలా లేకపోయినా, మరొకరు దొరికేదాకా ఉన్నదాంతో సర్దుకుందాం. ఇకనుంచి మీరు కట్టినవాటిని నేనొకసారి చూసుకుంటాలెండి."

నా చెయ్యి బాగానే ఉంది మేడమ్ అనాలని రాత్రక్క నోరు తెరిచింది. అది చెప్పాలంటే అంతా చెప్పాలి. చెప్పినా ఈ తలుపు దగ్గరే ఉండాలి, చెప్పకపోయినా ఈ తలుపు దగ్గరే ఉండాలి. "సరే మేడమ్" అంది. డాక్టరమ్మ చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. ఈపాటికి ఆయన టార్చి పట్టుకుని గిడ్డంగికి బయలుదేరి ఉంటాడు. పొద్దున తాళం తిరిగేదాకా ఈ కబురు చెప్పడానికి ఇంట్లో మనిషి ఉండడు.

ఆమె చెప్పులు మార్చుకోవడానికి మళ్ళీ లోపలికి వెళ్ళింది. అరలో స్టీలు డబ్బా పెట్టినచోటే ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువుగానే ఉంది. ఆ పిల్ల ఇల్లెక్కడో ఆమె ఎప్పుడూ అడగలేదు. డబ్బా పోగొట్టుకొచ్చావా అని ఈ సాయంత్రం అక్కడ ఒక తల్లి అరుస్తూ ఉంటుంది. రాత్రక్క అందులో మిగిలింది పారబోసి, కుళాయి కింద డబ్బానూ మూతనూ తోమి కడిగి, పమిట చెంగుతో తుడిచింది. తలుపు తీయగానే చేతికందేలా అర అంచున బోర్లించింది. డబ్బా అడుగున మేకుతో గీసిన చిన్న పువ్వు గుర్తు ఉంది, వేరేవాళ్ళ డబ్బాతో మారిపోకుండా ఇంట్లో ఎవరో పెట్టింది.